ఒకే గన్ను, రెండు ఐరిష్ ఆర్మర్డ్ కార్లు: ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

చాలా రోజులుగా వాయిదా వేస్తున్న పని ఈ రోజు మొదలుపెట్టాను. బల్ల మీద తెల్ల ప్లాస్టిక్ షీటు పరిచి, స్టీలు స్కేలు ఆనించి మొదటి గీత గీశాను. చేయబోతున్నది ఒక బొమ్మ: ఐర్లండ్ సైన్యం వాడిన, ఉక్కు కవచం తొడిగిన రోల్స్‌రాయిస్ ఆర్మర్డ్ కారు. 1920 నమూనా. పేరు స్లీవ్ నా మాన్. డబ్బాలో వచ్చే కిట్టు కొని అతికించడం కాదు, షీటు కోసి మొత్తం చేత్తో కట్టాలని నిర్ణయించుకున్నాను.

స్కేలు 1:24, అంటే అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. అసలు బండి పొడవు 4.93 మీటర్లు, అంటే నా బండి 205 మిల్లీమీటర్లు. వెడల్పు 80, ఎత్తు 106. ఈ స్కేలే ఎందుకంటే, అసలు బండికి ఎక్కువ మందం ఉన్న చోట ఉక్కు పలక 12 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే సరిగ్గా అర మిల్లీమీటరు. ఆ మందం షీటు మామూలుగానే దొరుకుతుంది. అందువల్ల తలుపు తెరిచినప్పుడు కనిపించే అంచు, డ్రైవరు చూసే సన్నని కంత లోతు, అన్నీ నిజమైన నిష్పత్తిలో ఉంటాయి. బొమ్మ ఆర్మర్డ్ కార్లలో నాకు నచ్చనిది ఈ అంచే. బిస్కెట్టంత మందంగా కనిపించే తలుపు చూస్తే బండి మీద నమ్మకం పోతుంది.

ఈ బండి కథ కొంచెం చెప్పాలి. 1921 డిసెంబరులో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరాక, 1922లో బ్రిటిష్ సైన్యం దక్షిణ ఐర్లండ్ నుంచి వెళ్లిపోతూ కొత్త జాతీయ సైన్యానికి 13 రోల్స్‌రాయిస్ ఆర్మర్డ్ కార్లు అప్పగించింది. వాటితో పాటు జంట టరెట్ల (గన్ను బిగించి చుట్టూ తిప్పే ఉక్కు గూళ్ల) పీర్‌లెస్ బండ్లు ఏడు, పై కప్పు లేని లాన్సియాలు వందకు పైగా వచ్చాయి. పీర్‌లెస్‌కు గట్టి రబ్బరు చక్రాలు, రెండు టరెట్లలో రెండు హాచ్‌కిస్ మెషిన్ గన్‌లు. బరువైన, నెమ్మదైన బండి. రోల్స్‌రాయిస్ అలా కాదు. 7.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, నాలుగున్నర టన్నులు దాటిన బరువుతో కూడా గంటకు 70 కిలోమీటర్ల వేగం. సంపన్నుల విలాసపు కారు ఛాసిస్ మీదే ఈ ఉక్కు పెట్టె కట్టారు. కొత్త సైన్యం ఒక్కో బండికి ఒక్కో పేరు పెట్టుకుంది. ఒకటి అప్పుడే ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించిన తిరుగుబాటుదారుల చేతికి చిక్కి, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ న్యాయస్థాన భవనం లోపల నుంచి జాతీయ సైన్యం మీదనే కాల్పులు జరిపింది. దాని పేరు 'మ్యూటినీర్', అంటే తిరుగుబాటుదారు. భవనం లొంగిపోయాక బండి తిరిగి వచ్చింది. అప్పుడు దాని పేరు 'మాజీ తిరుగుబాటుదారు' అని మార్చారు.

ఈ రోజు పని: ఛాసిస్ రెండు పొడవు దూలాలు, అడ్డదూలాలు కోసి అతికించాను. చదునుగా ఉండటానికి అద్దం ముక్క మీద పెట్టి, పైన రెండు నిఘంటువులు బరువు ఉంచాను.

జూన్ 15, ఆదివారం

వారం పని సగం వృథా అయింది. చక్రాలకు సన్నని చేపల గాలం దారంతో పుల్లలు అల్లాను. ఒక్కో చక్రానికి రెండు రాత్రులు పట్టింది. రెండు చక్రాలు పూర్తి చేసి, ఫోటో తీసి డబ్లిన్‌లో ఉన్న తమ్ముడికి పంపాను. వాడు ఆ మధ్య ఒక సైనిక ప్రదర్శనకు వెళ్లి ఈ బండిని దగ్గర నుంచి చూశాడు. వెంటనే ఫోను చేశాడు.

"అన్నయ్యా, నేను చూసిన బండికి పుల్లలు లేవు. పళ్లెం లాంటి చక్రాలు."

"ముందు చక్రాలా, వెనకవా?"

"అన్నీ. వెనక మాత్రం ఒక్కో వైపు రెండేసి ఉన్నాయి. ఫోటోలు పంపుతున్నాను, చూడు."

వాడు చెప్పింది నిజం. తీగ పుల్లల చక్రాలు 1914 నమూనావి. 1920 నమూనాలో రేకు పళ్లెం చక్రాలు వేశారు, రేడియేటర్ ముందు రక్షణ పెంచారు. నేను రెండు నమూనాల ఫోటోలు కలిపేసుకున్నాను. పుల్లల చక్రాలు పక్కన పెట్టి, షీటులోంచి గుండ్రని బిళ్లలు కోసి, ఉప్పు కాగితంతో అంచులు రుద్ది, ఆరు చక్రాలు మళ్లీ చేశాను. టైర్లకు రబ్బరు ఓ-రింగులు.

పనిలో పనిగా ఒక విషయం గట్టిగా అర్థమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎడారుల్లో తిరిగిన రోల్స్‌రాయిస్ ఫోటోలు అందరికీ తెలుసు. ఐరిష్ బండి చేస్తున్నప్పుడు వాటిని బల్ల మీద నుంచి తీసేయాలి. కన్ను తనకు అలవాటైన ఆకారం వైపే వెళ్తుంది.

జూన్ 29, ఆదివారం

రెండు వారాలు రివెట్లతోనే (పలకలను బిగించే మేకుల గుండ్రని తలలతోనే) గడిచాయి. పాత అలారం గడియారం పళ్లచక్రాన్ని ఒక పిడికి బిగించి, షీటు వెనక వైపు నొక్కి దొర్లిస్తే ముందు వైపు సమదూరంలో చుక్కలు పొంగుతాయి. పల్చని షీటుకు ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. ఒకటే జాగ్రత్త, దొర్లించే ముందు గీత పక్కాగా ఉండాలి. ఒక్క చుక్క వరస తప్పినా పలక మొత్తం పారేయాల్సిందే.

రేడియేటర్ ముందు రెండు ఉక్కు తలుపులు ఉంటాయి. వాటిని డ్రైవరు లోపల కూర్చునే మూయగలడు, తెరవగలడు. మూస్తే తూటా నుంచి రేడియేటర్‌కు రక్షణ, కానీ గాలి ఆడదు, ఇంజను వేడెక్కుతుంది. తెరిస్తే ఇంజను చల్లగా ఉంటుంది, కానీ ఒక్క తూటా చాలు బండి ఆగిపోవడానికి. ఎప్పుడు ఏది చేయాలో అక్కడ కూర్చున్న మనిషి క్షణాల్లో తేల్చుకోవాలి. ఈ తలుపులు కదిలేలా చేయాలని ఇత్తడి తీగతో బందులు వేశాను. ఎడమది బాగా వచ్చింది. కుడిది కొంచెం బిగుసుగా ఉంది, అరగదీయాలి.

పేరు గురించి. ఐరిష్‌లో 'స్లీవ్' అంటే కొండ, 'బాన్' అంటే స్త్రీల. టిప్పరరీ జిల్లాలో 721 మీటర్ల ఎత్తున్న కొండ అది, స్త్రీల కొండ. రాసేటప్పుడు రెండో పదంలో బ అక్షరానికి ముందు ఒక మ వచ్చి చేరుతుంది, పలికేటప్పుడు బ మాయమై మ మాత్రమే వినబడుతుంది. అందుకే స్లీవ్ నా మాన్. మొదట ఇది విచిత్రంగా తోచింది. తర్వాత నియమం చదివితే ఒళ్లు పులకరించింది. పూర్వం ముందు పదం చివర ఉండి, తర్వాత రాలిపోయిన అనునాసికం తరువాతి పదం మొదటి అక్షరాన్ని మార్చేస్తుంది. క ఉంటే గ అవుతుంది, త ఉంటే ద, ప ఉంటే బ. మన వ్యాకరణంలో ద్రుతం మీద పరుషాలు సరళాలు కావడం గుర్తుకు రాలేదా? పూచెన్, కలువలు కలిసి పూచెను గలువలు అయినట్టే. ఎక్కడి అట్లాంటిక్ అంచు, ఎక్కడి గోదావరి గట్టు. రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు, కానీ మనిషి నోరు ఒకటే కదా. ఈ సంగతి తెలిశాక పేరు అక్షరాలు రాయడానికి బ్రష్షు పట్టుకుంటే చేతికి ఏదో దగ్గరితనం వచ్చింది.

జూలై 12, శనివారం

టరెట్. ప్లాస్టిక్ పైపు ముక్కను కావలసిన వ్యాసానికి తగ్గించి, పైభాగం ఏటవాలుగా వాలేలా పుట్టీతో దిద్దాను. ఎండాక ఉప్పు కాగితం, మళ్లీ పుట్టీ, మళ్లీ కాగితం. మూడు సార్లు. టరెట్ తిరగాలి, తిరిగి ఎక్కడ వదిలితే అక్కడ ఆగాలి. కింద పల్చని ఫెల్టు గుడ్డ వలయం వేస్తే ఆ బిగువు సరిగ్గా కుదిరింది.

టరెట్ కింద మనుషులకు ఉన్న చోటు చూస్తే గుండె బరువెక్కుతుంది. నా బొమ్మలో రెండు వేళ్లు పట్టవు. అసలు బండిలో డ్రైవరు, అతని వెనకే గన్నరు, పక్కన సహాయకుడు. వెనక సగం బండి తెరిచిన బల్లే, సామాను పెట్టెలకు. ఉక్కు గది చాలా చిన్నది. మధ్యలో గన్ను, దాన్ని చల్లబరిచే నీళ్లు, తూటాల పెట్టెలు, ఇంజను వేడి.

జూలై 20, ఆదివారం

ఈ ప్రాజెక్టులో నేను ఎదురు చూసిన రోజు ఇదే. వికర్స్ మెషిన్ గన్.

బ్రిటిష్ సైన్యం 1912లో తీసుకున్న గన్ను. .303 అంగుళాల తూటా. నీళ్లు లేకుండా బరువు సుమారు 15 కిలోలు. నిమిషానికి 450 నుంచి 500 తూటాలు. గొట్టం చుట్టూ ఉన్న లావుపాటి రేకు తొడుగులో నాలుగు లీటర్లకు పైగా నీళ్లు పోయాలి. ఆగకుండా మూడు నిమిషాలు కాలిస్తే ఆ నీళ్లు మరుగుతాయి. ఆవిరిని రబ్బరు గొట్టం ద్వారా ఒక డబ్బాలోకి పంపి, చల్లారిన నీటిని తిరిగి తొడుగులో పోస్తారు. ఆవిరి శత్రువుకు కనిపించకుండా ఉండటం ఒక లాభం, నీళ్లు మిగలడం రెండో లాభం.

నా స్కేలులో గన్ను పొడవు 46 మిల్లీమీటర్లు. తొడుగుకు ఇత్తడి గొట్టం, మూతికి ఇంజెక్షన్ సూది. తొడుగు మీద పొడవునా గాళ్లు, అంటే చాళ్లలాంటి గీతలు, ఉంటాయి. గొట్టాన్ని చేతి డ్రిల్లులో బిగించి గాళ్లు గీయబోతే అవి చుట్టూ వస్తాయి, నిలువుగా రావు. చివరికి సన్నని రాగి తీగలను పక్కపక్కనే పొడవుగా అతికించి, మధ్య ఖాళీలనే గాళ్లుగా కనిపించేలా చేశాను. భూతద్దంలో చూసినా తేడా తెలియడం లేదు.

కుడి పక్కన ఒక తిప్పే పిడి ఉంటుంది. ఈ గన్ను మీద నాకు గౌరవం పెరిగింది ఆ పిడి వల్లే. గన్ను కాలుస్తూ ఆగిపోతే, గన్నరు మూత ఎత్తి చూడనక్కర లేదు. పిడి ఏ కోణంలో ఆగిందో చూస్తాడు. అలా ఆగే స్థితులు నాలుగు. ఒక్కో స్థితికి ఒక్కో రకం లోపం, ఒక్కో రకం చికిత్స. చీకట్లో అయినా, పొగలో అయినా చెయ్యి పెట్టి తడిమితే చాలు. నాడి పట్టి చూసినట్టే. శిక్షణలో సైనికుడికి ఆ నాలుగూ కంఠతా వచ్చేదాకా నేర్పిస్తారు. అంటే ఈ గన్ను ఆగడమన్నది అసాధారణం కాదు. ఆగుతుందని తెలిసే, ఆగితే ఏం చేయాలో ముందే ఆలోచించి చేసిన యంత్రం అది.

నా బొమ్మ గన్నుకు పిడి మామూలు స్థితిలో పెట్టాను. జిగురు మాత్రం వేయలేదు. కారణం తర్వాత రాస్తాను.

జూలై 27, ఆదివారం

బెల్టు చేశాను. ఇంత చిన్న వస్తువు మీద ఇంత సమయం ఎప్పుడూ పెట్టలేదు.

వికర్స్ బెల్టు గుడ్డది. రెండు పొరల గట్టి నూలు పట్టీ, మధ్యలో వరసగా జేబులు, జేబుకు జేబుకు మధ్య ఇత్తడి బిళ్లలు. ఒక బెల్టుకు 250 తూటాలు. గన్ను కుడి పక్క నుంచి లోపలికి వెళ్లి, ఖాళీ పట్టీ ఎడమ పక్క నుంచి బయటికి వస్తుంది. ప్రతి దెబ్బకు గొట్టం వెనక్కి తన్నుతుంది, ఆ తన్నుడుతో లోపలి భాగం వెనక్కి జరిగి జేబులోంచి కొత్త తూటాను వెనక వైపు నుంచి పట్టి లాగుతుంది, బెల్టు ఒక జేబు ముందుకు జరుగుతుంది. సెకనుకు ఏడెనిమిది సార్లు.

తూటా పొడవు 78 మిల్లీమీటర్లు, నా స్కేలులో మూడుంపావు. అర మిల్లీమీటరు రాగి తీగను ముక్కలు కోశాను. పాత నూలు పంచె అంచు నుంచి సన్నని పట్టీ కత్తిరించి, పల్చటి జిగురు పూసి, తూటాలు ఒక్కొక్కటే పట్టకారుతో పేర్చాను. అరవై తూటాలు. మొదటి ప్రయత్నంలో పదకొండో తూటా ఒక వెంట్రుక వాసి బయటికి జరిగింది. గమనించలేదు. ముప్ఫై దాటాక చూస్తే పట్టీ మొత్తం విల్లులా వంగింది. ఒక తూటా జరగడంతో పక్క తూటా దానికి సర్దుకుంది, దాని పక్కది దానికి. ఆ వంపును గన్ను పక్కనున్న బెల్టు దారి దగ్గర పెడితే లోపలికి వెళ్లనే లేదు.

పట్టకారు కింద పెట్టి చాలా సేపు దానినే చూస్తూ కూర్చున్నాను. అసలు బెల్టులోనూ ఇదే జరుగుతుంది. తూటాలు చేత్తో నింపినా, నింపే యంత్రంతో నింపినా, అన్నీ ఒకే లోతులో ఉండాలి. ఒకటి లోపలికో బయటికో ఉంటే గన్ను దాన్ని పట్టలేదు. గుడ్డ తడిస్తే జేబు బిగుసుకుంటుంది, తూటా ఊడి రాదు. అంటే 7.4 లీటర్ల ఇంజను, పన్నెండు మిల్లీమీటర్ల ఉక్కు, ప్రపంచంలోనే మేలైన మెషిన్ గన్, ఇవన్నీ ఒక నూలు పట్టీ మీద, దాన్ని ముందు రోజు రాత్రి నింపిన చేతి మీద ఆధారపడి ఉంటాయి.

రెండో బెల్టు స్కేలు అంచుకు ఆనించి చేశాను. సరిగ్గా వచ్చింది. వంగిన బెల్టును పారేయలేదు. అదే స్లీవ్ నా మాన్‌లో పెడతాను.

ఆగస్టు 22, శుక్రవారం

1922లో ఈ తేదీనే. కార్క్ జిల్లాలో బేల్ నా బ్లా అనే చోట. అప్పటి తాత్కాలిక ప్రభుత్వ అధినేత, జాతీయ సైన్యం సర్వసేనాని మైకేల్ కాలిన్స్ సొంత జిల్లాలో పర్యటిస్తున్నారు. ముందు ఒక మోటారు సైకిలు, తర్వాత సైనికులతో క్రాస్లీ లారీ, ఆ వెనక కాలిన్స్, సేనాధికారి ఎమెట్ డాల్టన్ కూర్చున్న పై కప్పు లేని కారు, అన్నింటికీ వెనక స్లీవ్ నా మాన్. సాయంత్రం, రోడ్డు పక్క గట్టు మీద నుంచి ఒప్పంద వ్యతిరేక దళం కాల్పులు మొదలుపెట్టింది. వేగంగా వెళ్లిపోదామని డాల్టన్ అన్నారు, ఆగి పోరాడదామని కాలిన్స్ అన్నారు. ఆగారు.

ఆర్మర్డ్ కారు రోడ్డు మీద ముందుకూ వెనక్కూ కదులుతూ వికర్స్‌తో కాల్చింది. ఆ గన్ను ఉన్నంత సేపు గట్టు మీద వాళ్లు తల ఎత్తడం కష్టం. కొంతసేపటికి గన్ను ఆగిపోయింది. కాలిన్స్ మొదట బండి చాటు నుంచి కాల్చారు, తర్వాత ఆ చాటు వదిలి రోడ్డు మీదికి వెళ్లారు. తలకు తూటా తగిలింది. వయసు 31. ఆ రోజు చనిపోయింది ఆయన ఒక్కరే.

గన్నరు జాక్ మెక్‌పీక్, స్కాట్లండ్ మనిషి. అదే ఏడాది డిసెంబరులో అతను ఈ బండినే తీసుకుని అవతలి పక్షానికి వెళ్లిపోయాడు. కొద్ది రోజులకే ప్రభుత్వ సైన్యం బండిని తిరిగి పట్టుకుంది. 1923లో అతన్ని గ్లాస్గోలో అరెస్టు చేసి తెచ్చి జైల్లో పెట్టారు. అప్పటి నుంచి ఒక అనుమానం వందేళ్లుగా తిరుగుతోంది: గన్ను నిజంగా ఆగిందా, ఆపాడా?

నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది, దాన్ని దాచను. బెల్టు సరిగా నింపకపోవడమే కారణమన్న మాటను నేను నమ్ముతాను. డిసెంబరులో చేసిన పనిని బట్టి ఆగస్టు సాయంత్రాన్ని చదవడం అన్యాయం. ఆ గన్ను ఆగడానికి కుట్ర అక్కర లేదు, ఒక వెంట్రుక వాసి చాలు. నా చేతుల్లోనే చూశాను. వికర్స్ శిక్షణలో నాలుగు స్థితులు నేర్పించేవారంటేనే అది ఎన్ని సార్లు ఆగేదో అర్థం కావాలి. దానికి తోడు ఇరుకు గది, ఏడు నెలల వయసున్న సైన్యం, బెల్టు అందించే చేతికి తగిన అనుభవం లేకపోవడం.

ఈ రాత్రి గన్ను పిడిని మామూలు స్థితి నుంచి జరిపి, సగంలో ఆగినట్టు పెట్టి, ఇప్పుడు జిగురు వేశాను. వంగిన బెల్టు పెట్టాను. టరెట్ పై నుంచి తొంగి చూస్తే తప్ప కనిపించదు. బండి పూర్తయింది, చక్రాల మీద మట్టి రంగు పొడి అద్దడం తప్ప.

అసలు బండి ఇప్పటికీ ఉంది. మిగతా పన్నెండు రోల్స్‌రాయిస్‌లను 1954లో అమ్మేశారు. దీన్ని ఒక్కదాన్ని ఉంచుకున్నారు. 2011లో పూర్తిగా విప్పి బాగుచేశారు. కిల్డేర్ జిల్లాలోని కర్రా సైనిక శిబిరం దాని ఇల్లు. ఇంజను నడుస్తుంది.

ఆగస్టు 31, ఆదివారం

రెండో బండి మొదలైంది. ఫోర్డ్ మార్క్ 6.

రోల్స్‌రాయిస్ నుంచి నేరుగా దీనికి దూకడం కొంత మందికి వింతగా ఉంటుంది. మధ్యలో ఐర్లండ్ దగ్గర ఎంతో మెరుగైన బండ్లు ఉన్నాయి. స్వీడన్ లాండ్స్‌వెర్క్ ఎల్-180 ఎనిమిది, 1938, 39లలో వచ్చాయి. ఆరు చక్రాలు, వెనక్కి నడపడానికి వెనక వైపు ఇంకో డ్రైవరు, టరెట్‌లో 20 మిల్లీమీటర్ల మాడ్సెన్ ఫిరంగి. ఇంకో ఐదు బండ్లకు ఆర్డరు పెట్టారు, యుద్ధం మొదలయ్యేసరికి స్వీడన్ వాటిని తన సైన్యానికే ఉంచుకుంది. లేలాండ్ ట్రక్కు ఛాసిస్ మీద నాలుగు బండ్లు సొంతంగా కట్టి, వాటికీ లాండ్స్‌వెర్క్ టరెట్లు పెట్టారు. ఆ లాండ్స్‌వెర్క్‌లు 1980ల దాకా రిజర్వు దళంలో పని చేశాయంటే ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో ఊహించవచ్చు. కానీ నేను వెతుకుతున్నది గన్నును. వికర్స్ ఎక్కడ మళ్లీ కనిపిస్తుందో అక్కడికి వెళ్లాలి.

అది కనిపించేది ఫోర్డ్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లండ్ తటస్థంగా ఉంది. ఆ కాలాన్ని వాళ్లు యుద్ధం అనరు, 'ఎమర్జెన్సీ' అంటారు. బయటి నుంచి బండ్లు రావు, ఎవరైనా దండెత్తి వస్తే ఆపాలంటే బండ్లు కావాలి. ఫోర్డ్ ట్రక్కు ఛాసిస్ తీసుకుని పొట్టి చేసి, కార్లో పట్టణంలోని థాంప్సన్ కార్ఖానాలో మామూలు ఉక్కు పలకలతో పైభాగం కట్టారు. ప్రత్యేకమైన కవచ ఉక్కు కాదు. వి-8 ఇంజను, వెనక చక్రాలకే నడక, ముగ్గురు మనుషులు, చిన్న టరెట్‌లో ఒక్క వికర్స్. ఉన్నదానితో చేసుకున్న బండి. అందంలో రోల్స్‌రాయిస్‌కు సాటి రాదు. అయినా ఈ పలకలు కోస్తుంటే నాకు ఎక్కువ సంతోషంగా ఉంది, ఎందుకంటే వాళ్లు చేసిన పద్ధతి, నేను చేస్తున్న పద్ధతి దాదాపు ఒకటే. చదును పలక, వంపు తక్కువ, కోత తిన్నగా. చక్రం వ్యాసాన్ని కొలమానంగా పెట్టుకుని ఫోటోల నుంచి మిగతా కొలతలు తీశాను.

సెప్టెంబరు 13, శనివారం

ఫోర్డ్ గుల్ల కట్టడం అయింది. ఈ రోజు గన్ను పెట్టాను.

తేదీ కావాలనే ఎంచుకున్నాను. 1961 సెప్టెంబరు 13 ఉదయం కాంగో నుంచి విడిపోయానని ప్రకటించుకున్న కటాంగా ప్రాంతంలో, జాడోవిల్ పట్టణం దగ్గర, ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్లిన ఐరిష్ 35వ బెటాలియన్ 'ఎ' కంపెనీ మీద దాడి మొదలైంది. సైనికుల్లో చాలా మంది అప్పుడు ప్రార్థనలో ఉన్నారు. కమాండెంట్ పాట్ క్విన్లన్ కింద సుమారు 155 మంది. ఎదురుగా కటాంగా సేనలు, వాటిని నడిపే యూరప్ కిరాయి సైనికులు, పైన ఒక ఫూగా మేజిస్టర్ జెట్ విమానం. ఐరిష్ వారి దగ్గర తేలిక ఆయుధాలు, చిన్న మోర్టార్లు, రెండు ఫోర్డ్ ఆర్మర్డ్ కార్లు. ఆ రెండింటి టరెట్లలో రెండు వికర్స్‌లు.

1912 నాటి గన్ను. బేల్ నా బ్లాలో ఆగిపోయిన అదే రకం. ఇక్కడ ఐదు రోజులు పని చేసింది. క్విన్లన్ ముందే కందకాలు తవ్వించి, గన్‌లు ఎక్కడి నుంచి ఎక్కడికి కాల్చాలో నిర్ణయించి ఉంచారు. ఆ రెండు టరెట్లు దాడికి వచ్చిన వరసలను మళ్లీ మళ్లీ వెనక్కి నెట్టాయి.

ఈ గన్నుకు నీళ్లు కావాలి. మనుషులకూ నీళ్లు కావాలి. జాడోవిల్‌లో ముందు అయిపోయింది నీళ్లే. కుళాయి సరఫరా ఆపేశారు. ఒక హెలికాప్టర్ ప్రాణాలకు తెగించి నీళ్లు తెచ్చింది, కానీ ఆ డబ్బాల్లో అంతకు ముందు పెట్రోలు ఉండటంతో ఆ నీళ్లు తాగడానికి పనికి రాలేదు. తొడుగులో నాలుగు లీటర్ల నీళ్లు మరుగుతున్న గన్ను వెనక, పెదవులు పగిలిన మనిషి. ఫోర్డ్ టరెట్‌లోకి గన్ను దింపుతున్నప్పుడు నా మనసులో ఈ ఒక్క దృశ్యమే ఉంది.

సాయం అందించడానికి బయలుదేరిన దళాలు లుఫీరా నది వంతెన దాటలేకపోయాయి. రెండో ప్రయత్నంలో ఐరిష్ వారితో పాటు మన గూర్ఖా సైనికులూ ఉన్నారు, వారిలో కొందరు అక్కడే ప్రాణాలు కోల్పోయారు. మన దేశం ఆ రోజుల్లో కటాంగాకు పూర్తి బ్రిగేడ్‌ను పంపింది. అదే ఏడాది డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా పదహారు మందితో, రెండు ఆర్మర్డ్ కార్లు ఉన్న తొంభై మంది మీదికి ఖుక్రీలతో, బాయ్‌నెట్లతో దూకి, మరణానంతరం పరమవీర చక్ర పొందారు. మనం ఆ పేరును గుర్తుంచుకుంటాం. ఆయన పోరాడిన పట్టణం వీధుల్లో తిరిగిన ఐరిష్ ఫోర్డ్ బండ్లను మాత్రం ఎవరూ తలచుకోరు. ఈ బొమ్మ నా బల్ల మీద ఉండటానికి అదీ ఒక కారణం.

తూటాలు, నీళ్లు అడుగంటి, 17న 'ఎ' కంపెనీ లొంగిపోయింది. వారిలో ఒక్కరు కూడా చనిపోలేదు. నెల రోజుల తర్వాత బందీల విడుదల. స్వదేశంలో చాలా ఏళ్లు లొంగిపోయిన కంపెనీ అన్న మాటే మిగిలింది, గౌరవం దశాబ్దాల తర్వాత గానీ దక్కలేదు. మూడేళ్లకే, 1964లో, ఐర్లండ్ ఫ్రాన్స్ నుంచి పనార్ ఎ.ఎం.ఎల్. బండ్లు కొన్నది. 60 మిల్లీమీటర్ల మోర్టార్ ఉన్నవి మొదట, 90 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్నవి ఆ తర్వాత. వికర్స్‌కు, ట్రక్కు ఛాసిస్ బండ్లకు కాలం చెల్లిందని కాంగో నేర్పింది.

పని విషయానికి వస్తే, సరిగ్గా వచ్చిన రెండో బెల్టును ఫోర్డ్‌లో పెట్టాను. అరవై తూటాలు తిన్నగా గన్ను కుడి పక్క నుంచి లోపలికి వెళ్తున్నాయి, ఖాళీ పట్టీ ఎడమ పక్క మడతలు పడి వేలాడుతోంది. పిడి మామూలు స్థితిలో. ఆవిరి డబ్బాకు సైకిలు వాల్వు రబ్బరు గొట్టం సరిపోతుందనుకున్నాను, కానీ లావుగా ఉంది. రేపు ఎలక్ట్రికల్ షాపులో సన్నని స్లీవు దొరుకుతుందేమో చూడాలి. ఆ గొట్టం పెట్టాక పక్క పలకల మీద యు.ఎన్. అక్షరాలు రాస్తాను.